కాకినాడ పోటు నుంచి పులికాట్ నీళ్ల దాకా: నవంబరు పిట్టలు

నవంబరులో మన తీరం వెంట ఏ చెరువు గట్టున నిలబడ్డా, ఎవరో ఒకరు చెట్ల మీది పెద్ద పక్షుల్ని చూపించి "సైబీరియా నుంచి వచ్చాయండీ" అంటారు. గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు సైబీరియావి కావు. అవి మన ఉపఖండంలోనే తిరిగే పక్షులు. వాన పడి చెరువు నిండిన చోట చేరి గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి నిజంగా వచ్చేవి వేరే ఉన్నాయి. అవి చెట్టెక్కవు, ఇక్కడ గూడు కట్టవు, చెప్పుకోదగ్గ రంగూ ఉండదు. గుప్పెడంత ఒంటితో బురద అంచున పరుగులు పెడుతుంటాయి. చెట్ల వైపు చూసినంతసేపు బురద వైపు కూడా చూస్తే, అదే దారి ఖర్చుకి రెట్టింపు పక్షులు కనిపిస్తాయి. కాకినాడ నుంచి సూళ్లూరుపేట దాకా సాగిన ఈ దారిలో ప్రతి చోటా ఏ పిట్ట ఉంటుందో, ఏది ఉండదో తేల్చింది నీటి లోతే.

నవంబరు 17: కాకినాడ, కుంభాభిషేకం రేవు

ఇక్కడ గడియారం కన్నా ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. పోటు నిండడానికి రెండు గంటల ముందు రేవు దగ్గర ఉండాలి. ఆటు సమయంలో బురద మేట చాలా దూరం బయటపడుతుంది. ఉల్లంకి పిట్టలన్నీ (బురద అంచున మేసే ఆ చిన్న పక్షులు) నీటి అంచు వెంట వెళ్లిపోయి, బైనాక్యులర్‌లో కూడా చుక్కల్లా మిగులుతాయి. పోటు ఎక్కుతున్న కొద్దీ నీరే వాటిని గట్టు వైపు నెట్టుకొస్తుంది. మనం కదలక్కర్లేదు. అమావాస్య దగ్గరపడిందేమో, ఆ పొద్దున పోటూ సూర్యుడూ దాదాపు ఒకే వేళకి వచ్చాయి. చీకటితోనే ఆటో ఎక్కాల్సి వచ్చింది. ఊళ్లోంచి 150 రూపాయలు తీసుకున్నాడు. తిరిగి రావడానికి అక్కడ బండి దొరకదు కాబట్టి అతని నంబరు ఉంచుకోవడం మంచిది.

ముందుగా కనిపించేది లిటిల్ స్టింట్. పిచ్చుక కన్నా పెద్దది కాదు, బరువు 20 నుంచి 30 గ్రాములు. నల్లటి కాళ్లు, నల్లటి పొట్టి ముక్కు. తల వంచి కుట్టుమిషన్ సూదిలా బురదని టకటకా పొడుస్తూనే ఉంటుంది. ఇది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువపు టండ్రాలో. దానితో కలిసి తిరిగే కర్ల్యూ శాండ్‌పైపర్ కొంచెం పెద్దది. ముక్కు కొస కిందికి వంగి ఉంటుంది, ఎగిరినప్పుడు తోక మొదట తెల్లగా మెరుస్తుంది. ఇది కూడా సైబీరియా టండ్రాదే. ఈ రెండింటికీ ముక్కు కొసలో స్పర్శ నరాలు ఉంటాయి. బురద లోపల ఉన్న పురుగుని చూడకుండానే పట్టుకుంటాయి. ప్లోవర్లు అలా కాదు. వాటివి పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. పరుగెత్తి ఆగి, చూసి పొడుస్తాయి. కొత్తవాళ్లకి ఈకల రంగుతో గుర్తుపట్టడం చలికాలంలో కష్టం, అన్నీ బూడిద గోధుమ రంగులోనే ఉంటాయి. అందుకే ముందు నడక చూడాలి, తర్వాత ముక్కు, ఆ తర్వాతే రంగు.

దూరంగా ఇసుక మేట మీద ఒకే దిక్కుకి, గాలికి ఎదురుగా తిరిగి కూర్చున్న గుంపు ఇండియన్ స్కిమ్మర్లది. నారింజ రంగు ముక్కు, కింది దవడ పైదాని కన్నా పొడుగు. నీటిని తాకుతూ ఎగిరి, ఆ దవడతో నీటిని చీలుస్తూ చేపని పట్టుకుంటాయి. చంబల్, గంగ, మహానదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టి చలికాలానికి ఈ తీరానికి దిగుతాయి. ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి ఇది. కాకినాడ వాళ్లకి మాత్రం ఊరి చివర రేవులోనే కనిపిస్తుంది. వీటి కోసం స్పాటింగ్ స్కోప్ ఉండాలి. అది లేకపోతే గుంపు ఆకారం, నారింజ చుక్క తప్ప ఏమీ తెలియదు.

ఫొటో కోసం బురదలోకి దిగొద్దు. తొడల దాకా దిగబడుతుంది, చెప్పు పోతుంది. అది మన కష్టం. పక్షి కష్టం ఇంకా పెద్దది. వేల కిలోమీటర్లు వచ్చి ఒంట్లో కొవ్వు కరిగిపోయిన పిట్టని పోటు సమయంలో ఒకసారి లేపితే, తినాల్సిన గంట ఎగరడానికే సరిపోతుంది.

చేపలు దించుతున్న ఆడవాళ్లు ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో పుస్తకాల కన్నా బాగా చెబుతారు. పొద్దున తట్టల బేరం నడుస్తున్నప్పుడు పలకరిస్తే విసుక్కుంటారు. తట్ట ఖాళీ అయ్యాక "అమ్మా, ఎర్రముక్కు పిట్టలు ఎటు కూర్చుంటాయి" అని అడిగితే చెయ్యి పట్టుకుని చూపిస్తారు. తొమ్మిదికి ఎండ ఎక్కి బురద మీద గాలి కంపించడం మొదలవుతుంది. ఇక స్కోప్ వల్ల ఉపయోగం లేదు. ఊళ్లోకి వచ్చి పెసరట్టు ఉప్మా తినొచ్చు. చిన్న హోటల్లో 60 రూపాయలు, అల్లం పచ్చడి ఘాటుగా ఉంటుంది.

అదే రోజు మధ్యాహ్నం: కోరంగి మడ అడవి

పిట్టల కోసం పోటు కావాలి, మడ అడవి కోసం ఆటు కావాలి. అందుకే రేవు పొద్దున, కోరంగి మధ్యాహ్నం. యానాం రోడ్డులో ఆటోకి రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి 800. కార్తీక మాసంలో ఆదివారం మాత్రం రావొద్దు. వనభోజనాల వాళ్లు, మైకులు, పిల్లల కేకలతో చెక్కబాట కిక్కిరిసి ఉంటుంది. మామూలు రోజు మధ్యాహ్నం నలుగురైదుగురు కూడా ఉండరు.

చెక్కబాట పక్కనే నీరు దిగిన బురదలో తెల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు వేల సంఖ్యలో పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. తెల్లమడ ఆకుని ఎండలో పక్కకి వంచి చూస్తే సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. చెట్టు పీల్చిన ఉప్పునీటిలోని ఉప్పుని ఆకు బయటికి తోసేస్తుంది. వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకు తుంచితే తెల్లటి పాలు కారేది అదే.

బురద మీద మగ పీతలు ఒక్క పెద్ద డెక్కని ఊపుతుంటాయి. వాటి మధ్య రెక్కల మీద గెంతే చిన్న చేపలు నీటి బయటే తిరుగుతుంటాయి. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే అన్నీ బొరియల్లోంచి బయటికి వస్తాయి. పిట్టల్లో నల్లతల లకుముకి ఇక్కడ చూడాల్సినది. ఊదా నీలం వీపు, ఎర్రటి ముక్కు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. మన ఊరి చెరువు లకుముకి అనుకుని చాలామంది దాటిపోతారు. బావురు పిల్లిని చూస్తామని ఆశ పెట్టుకోవద్దు, అది రాత్రి తిరిగే జంతువు. తడి బురద మీద దాని అడుగులు మాత్రం దొరుకుతాయి. పిల్లి జాతి అడుగులో గోళ్ల గుర్తులు సాధారణంగా పడవు. గోళ్ల గుర్తు ఉంటే అది కుక్కదో నక్కదో. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో కొంచెం పడే వీలుంది. ఒక్క గుర్తుతో తేల్చకుండా మొత్తం ఆకారం చూడాలి.

నవంబరు 18: కైకలూరు, ఆటపాక

కైకలూరులో దిగి ఆటోవాళ్లతో "కొల్లేరు" అనొద్దు. భక్తులు వచ్చే ఊరు కాబట్టి కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి వైపు తిప్పేస్తారు. "ఆటపాక పక్షుల కేంద్రం" అంటే 100 రూపాయల్లో దించుతారు. ఊరికి ఆనుకునే ఉంటుంది.

ఈ నెలలో ఆటపాకలో గూళ్లు లేస్తుంటాయి. నీటి మధ్య నాటిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లల్ని నోట కరుచుకొచ్చి పేరుస్తుంటాయి. చెట్లు చాలనందువల్ల అటవీశాఖ పెట్టించిన స్టాండ్లు ఇవి. పడవలో దగ్గరికి వెళ్తే గూడబాతు పైముక్కు అంచున నల్లటి మచ్చల వరస కనిపిస్తుంది. గుర్తింపుకి అదే ఆధారం. ఎర్రకాళ్ల కొంగ వీపు చివర గులాబీ ఈకలు ఈ నెలలో ముదురుతాయి. పడవవాడు స్టాండ్ల సందుల్లోంచి తీసుకెళ్లబోతే వద్దనండి. గూడు కట్టే దశలో బెదిరిన జంట గూడు వదిలేసి పోయే అవకాశం ఎక్కువ. గుడ్డు పడ్డాక అంత తేలిగ్గా వదలదు.

ఇంతవరకు అందరూ చూసేదే. అసలు కొల్లేరు ఈ పక్షుల కేంద్రం ప్రహరీ బయట ఉంది. 1999లో 5వ కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పెద్దఎత్తున కొట్టేశారు. అయినా చుట్టూ చెరువులే. చేపల చెరువుకి నిలువు గట్లు, మనిషి లోతు నీరు. అందులో నీటికాకి మునుగుతుంది, మునుగుడు కోడి మునుగుతుంది, కానీ ఉల్లంకి నిలబడే అంచు ఉండదు. అందుకే వందల ఎకరాల నీరున్నా పిట్టలు కనిపించవు. ఒక చెరువుని పట్టుబడికి ఖాళీ చేసినప్పుడు మాత్రం రెండు మూడు రోజులు ఆ బురద నిండా పక్షులే. టీ కొట్టు దగ్గర "ఇవాళ పట్టుబడి ఎక్కడండీ" అని అడగడమే ఇక్కడ పిట్టలు చూసే ఉపాయం. అలా దొరికిన చెరువులో పొడుగు ఎర్రకాళ్ల స్టిల్టులు వందల్లో ఉన్నాయి. వాటి మధ్య నల్లతోక గాడ్‌విట్లు ముక్కు మొదలంటా బురదలో దించుతున్నాయి. గట్టు వెంట పసుపు పొట్ట వ్యాగ్‌టెయిళ్లు తోకాడిస్తూ తిరుగుతున్నాయి. పైన పిల్లిగద్ద ఒకటి తిరగగానే అన్నీ ఒకేసారి లేచి మళ్లీ వాలాయి.

చెరువు యజమానిని అడగకుండా గట్టెక్కొద్దు. పక్షుల కోసం వచ్చామంటే మొదట అనుమానంగా చూస్తారు. చేప పిల్లని నీటికాకి తినేస్తుందన్న బాధ వాళ్లది, అది అబద్ధం కాదు. ఆ మాట విన్నాక గట్టు మీద కుర్చీ వేస్తారు. కొన్ని చెరువుల మీద కట్టిన సన్న వలల్లో పక్షులు చిక్కి చస్తున్నాయి. వల బదులు మెరుపు రిబ్బను కడితే చచ్చే పక్షి ఉండదు. ఈ మాట వాళ్లకి చెప్పదగ్గదే.

భోజనం కైకలూరులో. కార్తీకం కాబట్టి సగం బల్లలు శాకాహారానివే. కొరమీను పులుసుతో పళ్లెం 180కే దొరికింది.

దారి పొడవునా డెల్టాలో సార్వా కోతలు సాగుతున్నాయి. కోత మిషన్ వెనకే చిన్న తెల్లకొంగలు వరస కట్టాయి. ఎగిరే మిడతల కోసం నల్ల ఏట్రింతలు తీగల మీద కాపు కాశాయి.

నవంబరు 19 సాయంత్రం: ఉప్పలపాడు

గుంటూరు నుంచి 8 కిలోమీటర్లు. ఆటో ఆగి తీసుకురావడానికి 400. ఊరి చెరువే కేంద్రం, గంటలో మొత్తం చూడొచ్చు. పొద్దున కన్నా సాయంత్రం మేలు, ఎందుకంటే మేతకి పోయినవి తిరిగొచ్చేది అప్పుడే. అయిదున్నర నుంచి చెట్ల మీద సర్దుబాటు గొడవ మొదలవుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఒకే కొమ్మకి పోటీ పడతాయి. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు కనిపిస్తే అది పెద్దది. పిల్లల ముక్కులో ఆ సందు ఉండదు. చీకటి పడేవేళ గులాబీ గోరింకలు ముద్దలుగా వచ్చి పడతాయి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి మన జొన్న చేల మీద పడే పక్షులివి. రెట్టల వాసన గట్టిగా ఉంటుంది, టోపీ పెట్టుకోండి.

నవంబరు 21: నేలపట్టు

దక్షిణానికి దిగేసరికి కాలమే మారిపోతుంది. డెల్టాలో కోత నడుస్తుంటే ఇక్కడ ఈశాన్య రుతుపవనం మీద నారుమళ్లు పోస్తున్నారు. సూళ్లూరుపేట నుంచి దొరవారిసత్రం మీదుగా నేలపట్టుకి ఆటో సగం పూటకి 900 అడిగాడు, 750కి ఒప్పుకున్నాడు.

1976లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు ఇది. విస్తీర్ణం 458 హెక్టార్ల పైచిలుకు. చెరువులో నిలబడిన కడప చెట్లే దీని ప్రాణం. నెలల తరబడి నీటిలో మునిగి ఉన్నా ఈ చెట్టు చావదు. గూడబాతు నీరు లేని చెట్టు మీద గూడు కట్టడానికి వెనకాడుతుంది. కింద నీరుంటే నక్కా కుక్కా రాలేవు. అందుకే అక్టోబరు వానలు తప్పితే ఆ ఏడు గూళ్లు ఉండవు. వానలు ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యమవుతాయి. బయల్దేరే ముందు చెరువులో నీరెంత ఉందో ఫోన్‌లో కనుక్కోవడం తప్పనిసరి. ఈసారి చెట్ల మొదళ్లు బాగా మునిగి ఉన్నాయి. ముందుగా వచ్చిన జంటలు పొదుగుతున్నాయి, వెనక వచ్చినవి ఇంకా పుల్లలు మోస్తున్నాయి. పొదగడానికి సుమారు నెల పడుతుంది. కాబట్టి పిల్లల అరుపులు వినాలనుకునేవాళ్లు డిసెంబరు చివర్లో రావాలి. పెద్ద గూడబాతులు దాదాపు మౌనంగానే ఉంటాయి, గోలంతా పిల్లలదే.

చాలామంది ఏడింటికి వచ్చి ఎనిమిదిన్నరకి వెళ్లిపోతారు. తొమ్మిది దాటాకే ఇక్కడ చూడాల్సినది మొదలవుతుంది. గూడబాతు బరువైన పక్షి. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకెళ్లి పులికాట్ వైపు జారుకుంటుంది. మేత తెచ్చుకునేది అక్కడి నుంచే. గూడు నేలపట్టులో, తిండి పులికాట్‌లో. ఒకటి చెడితే రెండోది నిలబడదు.

చెట్ల నుంచి చూపు దించితే నడి నీటిలో బాతులు కనిపిస్తాయి. సూదితోక బాతు మగవాటికి ఇంకా పూర్తి రంగు రాలేదు. నవంబరులో చాలా మగ బాతులు ఆడవాటిలాగే మాసి ఉంటాయి. అప్పుడు పొడుగు మెడ, బూడిద రంగు ముక్కు చూడాలి. పారలా వెడల్పైన ముక్కుంటే షోవెలర్. కనుబొమ మీద తెల్లటి గీత ఉంటే గార్గనీ.

ఈ చెరువు నీటి కోసం రైతులు పోటీ పడతారు. రెట్టలు కలిసిన నీరు పారిన మడికి ఎరువు తక్కువ పడుతుంది. పక్షిని ఊరు కాపాడుకోవడానికి అది ఒక గట్టి కారణం. గట్టు మీద కనిపించిన పెద్దాయన గొంతు తగ్గించి మాట్లాడమని సైగ చేశాడు. బోర్డులు చేయలేని పని అది.

కార్తీకం దాటింది కాబట్టి సూళ్లూరుపేటలో బొమ్మిడాయిల పులుసు మళ్లీ అన్ని హోటళ్లలో వచ్చేసింది. ధర కూడా పెరిగింది, భోజనంతో 220.

నవంబరు 22: శ్రీహరికోట రోడ్డు

ముందు దారి సంగతి. ఫోన్ మ్యాపులో "పులికాట్" అని కొడితే తమిళనాడులో పొన్నేరి అవతల ఉన్న పళవేర్కాడు ఊరికి తీసుకెళ్తుంది. అది సరస్సు దక్షిణ కొస. రాజహంసల (ఫ్లెమింగోల) కోసం వచ్చేవాళ్లు సూళ్లూరుపేట అని పెట్టుకుని, అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు పట్టాలి. సరస్సుని చీల్చుకుంటూ పోయే రోడ్డది, మొత్తం సుమారు 18 కిలోమీటర్లు. షార్ (రాకెట్ ప్రయోగ కేంద్రం) గేటు ముందే ఆగి వెనక్కి తిరగాలి. గేటు వైపు కెమెరా పెట్టొద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డు మీద ఆంక్షలు ఉంటాయి, తేదీ చూసుకుని రావాలి.

రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి ఒరిగే ఉంటాడు. అందుకే ఉత్తరం వైపు చూస్తే వెలుగు మన వీపు మీద పడి పక్షి రంగు కనిపిస్తుంది. దక్షిణం వైపు అన్నీ నల్లటి నీడలే. షిఫ్టు బస్సులు వేగంగా వస్తాయి, రోడ్డు అంచున స్టాండు పరిచి నిలబడటం ప్రమాదం. కల్వర్టుల దగ్గర కొంచెం చోటు ఉంటుంది. చేప కూడా అక్కడే తూముల్లోంచి అటూ ఇటూ పోతుంది కాబట్టి కొంగలు, టెర్న్‌లు అక్కడే కాపు వేస్తాయి.

నవంబరులో ఇక్కడికి వచ్చి రాజహంసలు లేవని నిరాశ పడేవాళ్లు చాలామంది. కారణం నీరే. కాళంగి, ఆరణి నదుల వాన నీరు చేరి సరస్సు నిండుగా ఉంటుంది. రాజహంస తల తిరగేసి ముక్కుని నీటిలో పెట్టి, దువ్వెన పళ్ల లాంటి అంచులతో బురద నీటిని వడగట్టి సూక్ష్మ జీవుల్ని తింటుంది. కాళ్లతో అడుగుని కెలుకుతూ తింటుంది కాబట్టి కాలు అడుగుకి అందాలి. లోతెక్కువైన చోట దానికి పని లేదు. ఆ పొద్దున ఉత్తరాన అటకానితిప్ప దాటాక దూరంగా రెండు మూడు వందల గుంపు ఒకటి కనిపించింది. అందులో బూడిద రంగువి నిరుటి పిల్లలు, గులాబీ రంగు ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే పెద్ద చోటు కచ్ రణ్.

లోతు తెలుసుకోవడానికి స్టిల్టులే కొలబద్ద. వాటి ఎర్రకాళ్లు మోకాలి కీలు దాకా మునిగితే ఉల్లంకులు అక్కడ ఉండవు. కాళ్లన్నీ బయట కనిపిస్తే ఆ పక్కనే స్టింట్లని వెతకండి. రోడ్డు వారగా నీరు తీసిన ఒక తిప్ప అంచున లిటిల్ స్టింట్లు అలాగే దొరికాయి, కాకినాడ రేవులో చూసినవే.

గుంపుని లెక్కపెట్టడం నేర్చుకుంటే ఇక్కడి సమయం బాగా వినియోగపడుతుంది. పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటికి పట్టించుకోవాలి. ఆ జాగాని గుంపు మీద జరుపుకుంటూ పోవాలి. పెద్ద గుంపైతే వంద చొప్పున. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఇంకోసారి లెక్కించి, రెండూ బాగా తేడాగా వస్తే మూడోసారి చూడాలి. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకి ఈ సాధన పనికొస్తుంది.

నవంబరు 23: భీమునివారిపాలెం

తడ దగ్గర రేవు. ఇరకం దీవికి పోయే పడవలు ఇక్కడి నుంచే. మనిషికింత అని కాక పడవకింత అని బేరం, నలుగురు కలిస్తే తలకి 200 పడింది. నీరు లోతులేని చోట గెడ వేసి నెడతారు. పొద్దున ఆరుకి బయల్దేరితే గాలి తక్కువ. పదయ్యాక తూర్పు గాలి లేచి చిన్న అలలు వస్తాయి, బైనాక్యులర్ నిలవదు.

వలలు కట్టే కర్రల మీద గోధుమతల సముద్రపు కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. టిబెట్, లద్దాఖ్ పీఠభూముల సరస్సుల నుంచి దిగేవి ఇవి. ఈ నెలలో తల తెల్లబడి, కంటి వెనక నల్లటి మచ్చ ఒక్కటే మిగులుతుంది. ఎర్రటి లావు ముక్కున్న పెద్ద టెర్న్ కాస్పియన్‌ది. ఒక కర్ర మీద కొరమీను గద్ద చేపని కాలికింద అదిమిపట్టి తింటోంది. చేప తల గాలి వైపు ఉండేలా పట్టుకుని ఎగరడం దాని అలవాటు.

పడవ నడిపే వాళ్ల మాటంతా సరస్సు సముద్రంలో కలిసే మొగల గురించే. రాయదొరువు మొగ ఇసుకతో పూడితే సముద్రపు నీరు రాదు, రొయ్య పిల్ల రాదు, ఎండాకాలానికి ఉత్తర భాగం ఎండి ఉప్పు తేలుతుంది. మొగ తెరిస్తే మాకు పీత, పిట్టలకి పురుగు అన్నారు. ఒడ్డున బతికున్న మండ పీతలు కిలో 600 చెప్పారు. ఎగుమతి వ్యాపారులు పెద్దవి ముందే ఎత్తుకుపోతారు కాబట్టి ఎనిమిదిలోపు వెళ్లాలి.

రాజహంసల కోసమే వచ్చేవాళ్లు డిసెంబరు మూడో వారం దాటాక రావాలి. వాన ఆగి నీరు జానెడు తగ్గితే గుంపులు రోడ్డు దగ్గరికి వస్తాయి. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులు తప్పించి మామూలు వారం రోజు పెట్టుకోండి. సూళ్లూరుపేటలో గదులు ఖాళీ ఉంటాయి.